బొమ్మ నడిచే దారి

హైదరాబాదు వదిలి కర్నూలుకు వచ్చిన కొత్తల్లో ఎవరైనా ఉద్యోగం సంగతి అడిగితే శివలీల "కంప్యూటర్ పని చేసేదాన్ని" అని ఊరుకునేది. అంతకంటే వివరంగా చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదని ఆమెకు తెలుసు. సినిమాల్లో విరిగిపడే కొండలు, మంటలు, గాల్లో ఎగిరే రథాలు కంప్యూటర్ల మీద తయారుచేసే కంపెనీలో ఆమె చాలా ఏళ్లు పనిచేసింది. అయితే ఆమె ఏనాడూ మంట పెట్టలేదు, రథం ఎగరేయలేదు. షూటింగ్ నుంచి వచ్చిన హార్డ్‌డిస్కులను తెరిచి, వాటిలోని దృశ్యాలను భద్రంగా దించుకుని, సరిచూసి, పేర్లు పెట్టి, ఎవరికి అందాల్సినవి వాళ్లకు అందించి, పని పూర్తయ్యాక తిరిగి పంపడం ఆమె పని. పెళ్లివంటల దగ్గర సరుకుల గదిలో కూర్చున్న మనిషిలాంటిది. వంట బాగుంటే పేరు వంటవాడికి పోతుంది. అన్నంలో రాయి తగిలితే మాట సరుకుల గదికి వస్తుంది.

ఆమె పుట్టింది నందికొట్కూరుకు అవతల ఒక చిన్న పల్లెలో. తండ్రి గోపన్నకు ఉన్న చేను ఇంటికి చాలేది కాదు. ఆయనా, తల్లీ ఏడాదిలో సగం రోజులు కూలికి పోయేవాళ్లు. ఇల్లు చక్కబెట్టే పని చిన్నతనంలోనే శివలీల మీద పడింది. అగ్గిపెట్టె మొదలుకుని గడ్డపార దాకా ఏది ఎక్కడుందో చీకట్లోనైనా చెప్పేది. వాడినవాళ్లు తీసినచోట పెట్టకపోతే తండ్రినైనా వదిలేది కాదు. పదో తరగతి తర్వాత కర్నూలులో డిప్లొమా చేసి, స్నేహితురాలి మాట పట్టుకుని హైదరాబాదు పోయింది. అక్కడ ఈ డేటా గది ఉద్యోగం దొరికినప్పుడు అదేం పనో మొదట్లో ఆమెకే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇక వదలబుద్ధి కాలేదు.

పెళ్లయింది, కూతురు పుట్టింది. భర్త ఉమామహేశ్‌కు ఓర్వకల్లు దగ్గరి సోలార్ ప్లాంటులో మంచి ఉద్యోగం వచ్చింది. కొంతకాలం ఆయన ఒక ఊళ్లో, ఈమె ఒక ఊళ్లో ఉండి, వారం వారం బస్సుల్లో తిరిగి అలసిపోయారు. చివరికి శివలీలే రాజీనామా చేసి వచ్చింది. వచ్చిందే గానీ మనసు కుదురుగా లేదు. తనకు వచ్చిన ఒకే ఒక్క విద్యకు ఈ ఊళ్లో గిరాకీ లేదని, ఇక తన చదువూ అనుభవమూ అటకెక్కినట్టేనని అనుకుంది.

ఒకరోజు కూతుర్ని బడిలో దింపి వస్తూ రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఆగింది. ఒక జిరాక్సు అంగడి గోడకు అంటించిన కాగితం మీద 'రోటో ఆర్టిస్టులు కావలెను' అని ఉంది. శివలీల బండి స్టాండు వేసి మరీ రెండోసారి చదివింది. దృశ్యంలోని మనిషి చుట్టూ ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి, వెనకనున్న కొండల నుంచో ఇళ్ల నుంచో ఆ మనిషిని వేరుచేసే పనిని రోటో అంటారు. ఆ మాట కర్నూలు గోడ మీద కనిపిస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. కాగితం మీదున్న చిరునామా పట్టుకుని నేరుగా పోయింది.

నంద్యాల రోడ్డులో టైల్స్ అంగడి పైన మేడ అది. యజమాని సర్ఫరాజ్ ఒకప్పుడు పెళ్లి వీడియోలు తీసేవాడు. లాక్‌డౌన్‌లో పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు హైదరాబాదు కంపెనీల నుంచి రోటో పని తెచ్చుకుని, ఊళ్లోని పిల్లలకు నేర్పి, మెల్లగా స్టూడియో నిలబెట్టాడు.

"మీకు ఏం పని వస్తాదమ్మా?" అని అడిగాడు.

"రోటో రాదు భాయ్. మీ దగ్గరికి వచ్చిన బొమ్మ చెడిపోకుండా, తప్పిపోకుండా చూసే పని వస్తాది."

సర్ఫరాజ్ నవ్వాడు. "అది గూడా ఒక పనేనా?"

ఆ మాట నోట్లో ఉండగానే లోపలి నుంచి కేక వినిపించింది. "భాయ్, నిన్నటి గుర్రం షాటు యాడ పెట్టినారు? ఎంత ఎతికినా కనపడల్యా!"

సర్ఫరాజ్ మొహంలో నవ్వు మెల్లగా తగ్గింది. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. తర్వాత తన బాధంతా చెప్పుకున్నాడు. "మా పిల్లోళ్లు గీసే గీత వెంట్రుకవాసి తప్పదమ్మా. అయినా పోయినసారి పంపిన షాట్లన్నీ తిరిగొచ్చినాయి. బొమ్మ మసకబారిందంట, రంగు మారిందంట. మా చేతికి రాకముందు హెచ్‌డీ, మా చేతిలోంచి పోయినాక సెల్‌ఫోన్ బొమ్మ అని ఎగతాళి చేస్తాండారు. పెద్ద మిషన్లు కొనల్లేమో అని పరేషాన్‌గా ఉండాది."

"మిషన్లు తర్వాత చూడొచ్చు. ముందు దారి ఏయల్ల."

"ఏం దారి?"

"బొమ్మ వచ్చేదానికి ఒక దారి, పోయేదానికి ఒక దారి."

మరుసటి వారం నుంచి ఆమె పనిలో చేరింది. మొదట్లో ఏ కంప్యూటర్‌నూ ముట్టుకోలేదు. ఒక షాటు స్టూడియోలోకి అడుగుపెట్టింది మొదలు బయటికి పోయేదాకా దాని వెంటే తిరిగింది. చూసేకొద్దీ ఆమెకు ఊరి సంత గుర్తొచ్చింది. పెన్‌డ్రైవులు జేబుల్లో తిరుగుతున్నాయి. ఒకే షాటు నలుగురి దగ్గర నాలుగు పేర్లతో ఉంది. అసలు బొమ్మ బరువుకు కంప్యూటర్లు మొరాయిస్తుంటే, పిల్లలు దాన్ని చిన్నదిగా కుదించుకుని, దాని మీద పనిచేసి, ఆ కుదించినదాన్నే తిరిగి పంపుతున్నారు. మసకబారిందంటే బారదా మరి! తెరలు కూడా ఒక్కొక్కటి ఒక్కో రంగు చూపిస్తున్నాయి. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఎండ కొట్టి కనపడక వెలుగు పెంచుకుంటే, మూలన కూర్చున్న అబ్బాయి కళ్లు మండుతున్నాయని తగ్గించుకున్నాడు.

ఆమె స్టూడియోకు ఒకే వాకిలి పెట్టింది. డిస్కులో వచ్చినా, నెట్‌లో వచ్చినా ఏ దృశ్యమైనా తన కంప్యూటర్ ద్వారానే లోపలికి రావాలి. అక్కడ దానికి రెండు కాపీలు, రెండు వేర్వేరు చోట్ల. అసలుకూ కాపీకీ చుక్కంత తేడా ఉన్నా పట్టిచ్చే ప్రోగ్రాముతో సరిచూశాకే డిస్కు వెనక్కి పోతుంది. అసలును ఎవరైనా చూడొచ్చు గానీ మార్చే వీలు లేదు. రోజువారీ పనికి దానినుంచి తేలిక కాపీ తీసి అందరికీ ఇస్తుంది. పని పూర్తయ్యాక వాళ్లు గీసిన గీతలు, చేసిన మార్పులు అసలు బొమ్మకు తగిలించి, హెచ్‌డీ నాణ్యత ఏమాత్రం తగ్గకుండా బయటికి పంపుతుంది. ప్రతి షాటుకూ సీను పేరు, నెంబరు. మార్పు చేసిన ప్రతిసారీ కొత్త నెంబరు పడాలి. పాతదాని మీద కొత్తది కూర్చోబెట్టకూడదు.

ఇవన్నీ కంబన్నకు నచ్చలేదు. కంబన్న ఆ స్టూడియోలో అందరికంటే పెద్దవాడు, అందరికంటే మంచి పనివాడు. ఒకప్పుడు అంగళ్లకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ బతుకు పోయాక కంప్యూటర్ నేర్చుకున్నాడు. సర్ఫరాజ్ కూడా ఆయన్ని గట్టిగా ఒక మాట అనడు.

"పేర్లు పెట్టేకి, నెంబర్లు ఏసేకే పొద్దు సరిపోతాంది. ఇంగ పని ఎప్పుడు చేసేదమ్మా?" అని కంబన్న అందరి ముందూ అడిగాడు.

"కంబన్నా, మీ చేన్లో శెనక్కాయలు ఏస్తారు గదా?"

"ఏస్తాం."

"విత్తనానికి పెట్టిన కాయలు, ఆకలేసిందని ఒలుచుకుని తింటారా?"

"ఎట్ల తింటాం? మల్లేటికి ఏం ఏసేది?"

"ఇదీ అంతే. షూటింగ్ నుంచి వచ్చేది విత్తనం. దాన్ని మూటగట్టి పెట్టినా. నీకిచ్చేది తినే కాయ. ఏపుకో, ఉడకబెట్టుకో, నూరుకో. మాడిపోతే ఇంగో పిడికెడు ఇస్తా."

పిల్లలు నవ్వారు. కంబన్న నవ్వలేదు. "నాకే శెనక్కాయల సంగతి చెప్తాంది చూడప్పా" అని గొణుక్కుంటూ తన కుర్చీకి పోయాడు. ఆ రోజు నుంచి నెంబర్లు మాత్రం వేశాడు. వేస్తూ గొణిగాడు.

పాత సామాన్లు పడేసే చిన్న గదిని శివలీల చూపుల గదిగా మార్చింది. అందులో ఒకే ఒక్క మంచి తెర. దాని రంగులు పరికరంతో కొలిచి సరిచేసింది. కిటికీకి నల్లగుడ్డ కట్టించింది. గోడకు ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు వేయాలని ఒక కుర్రాణ్ణి పెట్టింది. వాడు పూసిన పూత చూసి కంబన్న తట్టుకోలేకపోయాడు. "ఇది బూడిదా? దీంట్లో నీలం ఉండాది గదరా!" అని బ్రష్షు లాక్కుని, రంగులు తానే కలిపి, రెండు పూతలు వేసి పోయాడు. శివలీల థాంక్స్ చెబితే విననట్టు ఉన్నాడు.

ఆమె పెట్టిన నియమాల్లో ఒకటి చాలా గట్టిది. తమ తమ తెరల మీద రంగు ఎలా కనిపించినా సరే, ఎవరూ రంగు జోలికి పోకూడదు. రంగు తాను చూసుకుంటుంది. అందరూ తలూపారు. తర్వాత పంపిన చిన్న పని ఒక్క మాట పడకుండా హైదరాబాదులో చెల్లింది. దాని తర్వాతదీ అంతే. సర్ఫరాజ్ మొహం విప్పారింది.

అప్పుడే పెద్ద పని వచ్చింది. ఒక వెబ్ సిరీస్‌లో ముఖ్యమైన సీను. శ్రీశైలం డ్యాము గేట్లెత్తి నీళ్లు దూకుతుంటే కింద కృష్ణలో ఒక స్త్రీ ఒంటరిగా గుండ్రటి పుట్టి వేసుకుని దాటుతుంది. నిజానికి షూటింగ్ జరిగింది నీళ్లు నెమ్మదిగా పారే చోట. పుట్టికి తాళ్లు కట్టి ఉన్నాయి, చుట్టూ గజ ఈతగాళ్లున్నారు, దూరంగా వంతెన మీద సెల్‌ఫోన్లు పట్టుకుని యాత్రికులున్నారు. తాళ్లనూ ఈతగాళ్లనూ యాత్రికులనూ మాయం చేసి, వెనక దూకే నీళ్లను అతికించి, పుట్టి చుట్టూ తుంపర లేపాలి.

స్టూడియో అంతా పండగలా పనిలో పడింది. తాళ్లు తీసేసే పని షమా తీసుకుంది. షమా కడప అమ్మాయి. కర్నూలులో పిన్ని ఇంట్లో ఉండి పనిచేస్తోంది. మాట తక్కువ, పని ఎక్కువ. తుంపర లేపడం కంబన్న చేతికి పోయింది. అలాంటి తుంపర హైదరాబాదులో కూడా చూడలేదని శివలీల మనసులో అనుకుంది. ఉదయాన్నే ముందురోజు పూర్తయిన షాట్లను బూడిదరంగు గదిలో ఒక్కొక్కటిగా చూసి సరే అనేది.

సగం సీను పూర్తయ్యాక ఒక వరుసలో చేర్చి హైదరాబాదుకు పంపారు. మధ్యాహ్నం అక్కడి సూపర్‌వైజర్ ఫోన్ చేసింది. సర్ఫరాజ్ ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టాడు.

"పని చాలా బాగుందండీ. ఒక్కటే అడుగుతాను, ఏమనుకోకండి. పుట్టిలో ఉన్నావిడకు కామెర్లేమైనా వచ్చాయా?"

గదిలో ఎవరూ నవ్వలేదు.

"ఒక షాట్‌లో గోధుమరంగులో ఉంది, పక్క షాట్‌లోకి రాగానే పచ్చబారిపోతోంది. నీళ్లు కూడా అంతే. ఒకసారి చూసుకోండి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

శివలీల బూడిదరంగు గదిలోకి పోయి రెండు షాట్లు పక్కపక్కన పెట్టి చూసింది. చూడగానే తప్పు తెలిసిపోయింది. మంచి కెమెరాలు వెలుగునీడలన్నీ పట్టి ఉంచడానికి బొమ్మను వెలిసిపోయినట్టు తీస్తాయి. దాన్ని మామూలు రంగుల్లోకి విప్పాలంటే ఆ కెమెరాకు తగిన సూత్రమే వాడాలి. ఈ సీనును ఒడ్డు మీద నుంచి ఒక కెమెరా, డ్రోనుకు కట్టిన మరో కంపెనీ కెమెరా కలిసి తీశాయి. రెండింటికీ సూత్రం వేరని ఆమెకు బాగా తెలుసు. రెండోదాని సూత్రం అడిగి తెప్పించుకుందామనుకుంది కూడా. ఈలోగా అందరికీ పని పంచే తొందరలో మొదటి సూత్రంతోనే అన్నీ విప్పేసి, ఆ సంగతి మరిచిపోయింది. షాట్లను విడివిడిగా చూడటంతో ఆమె కంటికీ తేడా దొరకలేదు.

బయటికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. "తప్పు నాది. డ్రోను షాట్లన్నిటికీ తప్పు రంగు ఇచ్చినా."

కంబన్న కుర్చీ వెనక్కి జరిపాడు. "నేను ముందే అనుకున్నా."

శివలీలకు కోపం పొంగింది. "అనుకున్నోడివి చెప్పల్యా ఎందుకు?"

"నువ్వే గదమ్మా చెప్పింది, రంగు జోలికి ఎవురూ పోవద్దని! పోలేదు."

శివలీల చుట్టూ చూసింది. "ఇంగెవరికైనా అనుమానం వచ్చినాదా?"

షమా మెల్లగా అంది. "వరద నీళ్లు ఎర్రగా ఉండల్ల గదా అక్కా, ఇవేంది పచ్చగా ఉండాయి అనుకున్నా. మీకు తెలిసే అట్ల పెట్టినారేమోలే అని ఊరుకున్నా." మూలనున్న కుర్రాడు తల వంచుకుని తనకూ అనిపించిందన్నాడు. ఇంకొకరూ అన్నారు. స్టూడియోలో సగంమంది చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయినా శివలీల మనసు మనసులో లేదు. మేడ మీద బట్టలు తీస్తుంటే ఉమామహేశ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. అడక్కముందే అంతా చెప్పేసింది. "కంప్యూటర్లకు కావలసిన తాళాలన్నీ ఏసినా. వాటితో పాటు మనుషుల నోళ్లకు గూడా ఏసినట్టుండా" అంది.

ఉమామహేశ్ తాడు మీది చివరి చొక్కా తీసి మడిచాడు. "మా ప్లాంటులో కొత్తగా చేరిన కూలోడైనా సరే, ఏదన్నా తేడా కొడితే పని ఆపు అనొచ్చు. ఇంజనీరు గూడా ఆపల్ల. చూసినాక ఏమీ లేదని తేలినా, ఆపినోడ్ని ఎవురూ ఒక మాట అనగూడదు. అంటే ఇంగోసారి ఎవుడూ ఆపడు. ఆపకపోతే మనుషులు పోతారు గదా, కరెంటుతో పని."

"మా దాంట్లో ఎవురూ పోరులే."

"పోరు. మీ పనోళ్ల కష్టం పోతాది" అన్నాడు.

మరుసటి ఉదయం ఆమె మొదట హైదరాబాదుకు ఫోన్ చేసింది. సర్ఫరాజ్‌ను చేయనివ్వలేదు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎలా సరిచేస్తుందో చెప్పి, రెండో కెమెరా సూత్రం అడిగింది. "ఎప్పటికిస్తారు?" అని మాత్రం అడిగింది సూపర్‌వైజర్. సోమవారం అని చెప్పింది శివలీల.

సరైన సూత్రం వచ్చింది. చెడకుండా దాచిన అసలు బొమ్మల నుంచి డ్రోను షాట్లను మళ్లీ విప్పింది. పుట్టిలోని మనిషి మొహం ఆరోగ్యంగా తిరిగి వచ్చింది, నీళ్లు వరద ఎరుపుకు తిరిగాయి. పిల్లలు గీసిన గీతలన్నీ వాటి చోట అవి ఉన్నాయి. షమా తాళ్లు మాయం చేసిన షాట్లను సరైన రంగులో ఇంకోసారి దించుకుంటే చాలు, చేసిన పని చేసినట్టే నిలిచింది. ఒక్క తుంపర మాత్రం నిలవలేదు. కంబన్న దాన్ని ఆ పచ్చనీళ్లకు సరిపోయేలా కలిపాడు. ఎర్రనీళ్ల మీద అది సున్నం చల్లినట్టుంది.

ఆ మాట చెప్పడానికి శివలీల గుండె చిక్కబట్టుకుని ఆయన దగ్గరికి పోయింది. కంబన్న తెర వైపు తిరిగి అడిగాడు.

"నా గీతలన్నీ ఉండాయా?"

"అన్నీ ఉండాయి కంబన్నా. ఒక్కటి గూడా పోలేదు. తుంపర ఒక్కటే మళ్ల చేయల్ల."

"ముందరి మాదిరి పెన్‌డ్రైవుల్లో తిప్పింటే?"

"మొదట్నుంచి చేయాల్సొచ్చేది."

కంబన్న ఊఁ కొట్టాడు. "పోనీలే. ఆ తుంపర నాకూ అంత నచ్చల్యా" అని పనిలోకి దిగాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

ఆ రోజే శివలీల అందరినీ పిలిచి కొత్త పద్ధతి చెప్పింది. ఇక నుంచి షాటును ఒంటరిగా చూడరు. ముందు షాటుతో, వెనక షాటుతో కలిపి, అందరూ కూర్చుని చూస్తారు. ఎవరికి ఏ తేడా కనిపించినా 'ఆపు' అనొచ్చు. తమది కాని పనైనా, తమకు తెలియని విషయమైనా సరే. రంగును మార్చడం తన పనే గానీ, రంగును చూడటం అందరి పని.

అందరూ తలూపారు. మొదటి రెండు రోజులు ఎవరూ ఆపలేదు. తలూపడం సులువు, ఆపడం కష్టం. మూడో రోజు, సగంమంది టీకి లేవబోతుండగా షమా చెయ్యి ఎత్తింది. "ఆపండక్కా. పుట్టి నీడ తప్పు పక్కకు పడతాంది."

బొమ్మ ఆపారు. ముందుకూ వెనక్కూ తిప్పి చూశారు. కంబన్న కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. అసలు బొమ్మ తెరిచి సూర్యుడెక్కడున్నాడో చూశారు. నీడ సరిగ్గానే ఉంది. పుట్టి గిర్రున తిరగడంతో ఆమెకు అలా అనిపించింది, అంతే. షమా మొహం ఎర్రబడింది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

శివలీల నవ్విన వైపు చూడలేదు. "మంచి పని చేసినావు షమా. మేమందరం చూడనిది నువ్వు చూసినావు. ఈ నీడ సరిగ్గా ఉండాదని ఇప్పుడు నాకు గట్టిగా తెలుసు. ఇంతకుముందు తెలీదు" అంది. తర్వాతి షాటు పెట్టమంది.

ఆ మాట ఎంత దూరం పోయిందంటే, సాయంత్రానికి ముగ్గురు ఆపారు. ఒకరు వంతెన మీద మిగిలిపోయిన యాత్రికుడి చేతిని కనిపెట్టారు. ఒంటి చెయ్యి ఒకటి గాల్లో సెల్‌ఫోన్ పట్టుకుని ఉంది. దాన్ని చూసి స్టూడియో అంతా కడుపుబ్బ నవ్వింది. కంబన్న కూడా. హైదరాబాదుకు చేరి ఉంటే ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

సోమవారం మధ్యాహ్నానికి సీను పోయింది. సాయంత్రం దాకా జవాబు లేదు. సర్ఫరాజ్ మేడ మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగాడు. అసర్ నమాజు చేసి వచ్చి మళ్లీ తిరిగాడు. చివరికి ఫోన్‌లో చిన్న సందేశం వచ్చింది. అన్ని షాట్లూ తీసుకున్నారు, మిగతా సీన్లు కూడా వీళ్లకే పంపుతున్నారు. తుంపర చేసిందెవరని అడిగారు. సర్ఫరాజ్ గట్టిగా చదివి వినిపించాడు. కంబన్న వినీ విననట్టు కంప్యూటర్ ఆపి, చెప్పులు వెతుక్కుంటూ, "ఇంగోసారి సదువప్పా, సరిగ్గా ఇనపల్యా" అన్నాడు. ఆ సాయంత్రం సర్ఫరాజ్ అందరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు.

ఏడాది తిరిగేసరికి మేడ చాలలేదు. కడప నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ పనిచేసే పిల్లలు నలుగురైదుగురు తేలారు. అక్కడే ఒక చిన్న గది పెడితే ఇంకొందరు అమ్మాయిలు ఇల్లు వదలకుండా పని నేర్చుకుంటారని షమా అంది. మొదట సర్ఫరాజ్ జంకాడు. రెండు ఊళ్ల మధ్య బొమ్మ తిరిగితే మళ్లీ సంత అవుతుందేమోనని భయం. శివలీల ఆలోచించి, వాకిలి ఒకటే ఉంటుందని చెప్పింది. అసలు బొమ్మ కర్నూలు దాటదు. తేలిక కాపీలు మాత్రమే కడపకు పోతాయి, గీతలు మాత్రమే తిరిగి వస్తాయి. రోజూ ఉదయం రెండు గదుల వాళ్లూ ఒకే బొమ్మను ఒకేసారి చూస్తారు. కడప గదికి షమా పెద్ద.

గది సర్దడానికి శివలీల కడపకు పోయింది. బస్టాండుకు దగ్గర్లో, మిద్దె మీద గది. పొద్దుటి నుంచి తీగలు లాగడం, తెరలు సరిచేయడం, కర్నూలుతో మాట్లాడి పరీక్షలు చేయడంతో సరిపోయింది. మధ్యాహ్నం షమా తండ్రి లాల్ అహమ్మద్ క్యారియర్ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఆయన బండలు కోసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. చొక్కా మీద రాతిపొడి తెల్లగా ఉంది. గది లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడ్డాడు.

"లోపలికి రాండి" అని శివలీల పిలిచింది.

"దుమ్ముంది తల్లీ నా మీద. మిషన్లకు పడుతుందేమో." ఆయన చొక్కా దులుపుకుని, అయినా గడప దాటలేదు. "మా బిడ్డ ఏం పని చేస్తాదని అందరూ అడుగుతారు. కంప్యూటర్ అని చెప్తాండా. నాకూ తెలీదు గదా."

షమా లేచి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. తెర మీద పుట్టి షాటు పెట్టింది. మొదట తాళ్లు, ఈతగాళ్లు, వంతెన మీద జనం. తర్వాత ఒంటరి స్త్రీ, దూకే నీళ్లు, తుంపర. లాల్ అహమ్మద్ ముందుకు వంగి చూశాడు.

"ఆ తాళ్లు యాడికి పోయినాయి?"

"నేను తీసేసినా అబ్బా."

"తీసినట్టు ఎవురికీ తెలీదు గదా?"

"తెలియగూడదు. తెలిస్తే పని చెడినట్టే."

ఆయన ఇంకోసారి చూపించమన్నాడు. ఈసారి తాళ్లున్న చోటునే పట్టిపట్టి చూశాడు, అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. "ఇదెప్పుడొస్తాది? నేను ఫ్యాక్టరీలో అందరికీ చూపిస్తా" అన్నాడు. వచ్చేసిందని, ఫోన్‌లోనే చూడొచ్చని షమా చెప్పింది. ఆయన వెంటనే తన ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె అందులో సీను వెతికి పెడుతుంటే, శివలీల వైపు తిరిగి, "అన్నం చల్లారిపోతాంది తల్లీ, తినండి" అని క్యారియర్ విప్పాడు.

సాయంత్రం కర్నూలు బస్సులో శివలీల కిటికీ పక్కన కూర్చుంది. కూతురు ఫోన్ చేసి ఎప్పుడొస్తావని అడిగింది. మైదుకూరు దాటుతుండగా షమా నుంచి సందేశం వచ్చింది. కర్నూలు వాళ్లతో కలిసి షాట్లు చూస్తుంటే, కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె, మొదటి రోజే, 'ఆపు' అందట. చూస్తే నిజంగానే తప్పుందట. శివలీల అది రెండుసార్లు చదువుకుని, ఆ అమ్మాయి పేరేమిటని అడుగుతూ జవాబు రాసింది.